వెయ్యి పాయింట్లకి ఎన్ని నిమిషాలు?

మా బావమరిది లోకంలో ఉన్న ప్రతి వస్తువునీ నిమిషాల్లో కొలుస్తాడు. మనం వాడే గడియారపు నిమిషాలతో అతనికి పని లేదు. విమానంలో కూర్చుని, కాళ్ళు నేలకి తగలకుండా గాల్లో గడిపే నిమిషాలు అతనివి. క్రెడిట్ కార్డు మీద ఏది కొన్నా పాయింట్లు వస్తాయి, పాయింట్లు పోగేస్తే విమానం టికెట్టు వస్తుంది, టికెట్టు వస్తే ఇన్ని నిమిషాలు ఎగరచ్చు. కాబట్టి వాళ్ళింట్లో ఫ్రిజ్ ఎంతకి కొన్నావయ్యా అంటే "నలభై ఒక్క నిమిషాలు" అంటాడు. పెళ్ళాం చేతిగడియారం పదమూడు నిమిషాలు. కుక్కకి వేయించిన సూది రెండున్నర. ఆ కుక్క అంత ఖరీదు చెయ్యదని నా అభిప్రాయం.

ఇంత లెక్క కట్టే మనిషి ఎన్నిసార్లు విమానం ఎక్కాడని మీరు అడుగుతారు. ఒక్కసారి కూడా ఎక్కలేదు.

అతనిది కళ్ళద్దాల షాపు. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేసి, తీసి, ఇంకోటి వేసి, "ఇది బాగుందా? అది బాగుందా?" అని అడగడం అతని వృత్తి. ముప్పై ఏళ్ళు రోజుకి రెండొందల సార్లు ఈ మాట అన్నవాడికి ఆ జబ్బు షాపు గుమ్మం దగ్గర ఆగుతుందా? వీధిలో అందరూ అతన్ని ఇదా-అదా అంటారు. ఎదురుగా కూడా అంటారు. పలుకుతాడు.

అతని దగ్గర పదకొండు కార్డులున్నాయి. వాటికి పర్సు చాలదని, అద్దాలు పెట్టుకునే చెక్కపెట్టెలోనే చోటిచ్చాడు. ఏడాది రుసుము లేని కార్డులు ప్లస్ అద్దాల వరసలో, రుసుము గుంజేవి మైనస్ అద్దాల వరసలో. గోడ మీద అక్షరాల చార్టు పక్కనే అదే కొలతల్లో ఇంకో చార్టు తనే రాసి తగిలించాడు. అన్నిటికన్నా ఎక్కువ లాభమిచ్చే కార్డు పేరు పైన గుమ్మడికాయంత అక్షరాల్లో, దాని తరవాతది ఇంకొంచెం చిన్నగా, అలా దిగుతూ దిగుతూ అట్టడుగున ఉన్న కార్డు పేరు చీమ కాళ్ళంత. "ఆ ఆఖరిది కనపడిందంటే మీ చూపు బాగున్నట్టు, ఆ కార్డు తీసుకున్నారంటే మీ బుర్ర బాగాలేనట్టు" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఒకసారి తలనొప్పి అని వచ్చిన ఒక టీచరమ్మ గంటన్నర కూర్చుని, రెండు కార్డుల దరఖాస్తులు నింపి, తలనొప్పి మాట మరిచిపోయి వెళ్ళిపోయింది. ఆవిడకి ఆ నొప్పి మళ్ళీ రాలేదని అతని వాదన. బిల్లు వచ్చినప్పుడు వచ్చిందని టీచరమ్మ వాదన.

పాయింట్లు సంపాదించడానికి సొంత ఖర్చు చాలదు కదా. అందుకని ఊళ్ళోవాళ్ళ ఖర్చు మీద పడ్డాడు. ఎక్కడ బిల్లు కనపడితే అక్కడ ప్రత్యక్షం. "మీరు నగదు నాకివ్వండి, నేను కార్డు గీస్తాను." బంధువులం మాకు అలవాటే. ఒక రోజు మందుల షాపులో వరసలో తన ముందున్న పరాయి ఆవిడ భుజం మీదుగా తొంగిచూశాడు.

"అమ్మా, మీ బిల్లు నేను కడతాను."

"ఎందుకూ?"

"ఊరికే కాదమ్మా. మీ దగ్గరున్న డబ్బు నాకిచ్చెయ్యండి."

ఆవిడ సెక్యూరిటీ వాణ్ణి పిలిచింది. వాడు వచ్చి, విషయం పూర్తిగా విని, "మా ఇంటి కరెంటు బిల్లు కూడా కడతారా సార్?" అన్నాడు. కట్టాడు. ఎనిమిది నిమిషాలు.

అన్నిటికన్నా ప్రమాదం నెలాఖరు. ఏదో ఒక కార్డు మీద ఆ నెలలో ఇంత ఖర్చు పెడితే ఇన్ని పాయింట్లు అదనం అని ఒక మెలిక ఉంటుంది. ప్రతి నెలా కొంచెంలో తక్కువ పడుతుంది. ఇక మొదలు, ఇంటింటికీ ఫోను.

"బావగారూ, మీ పై పన్ను ఎలా ఉంది?"

"బాగానే ఉందోయ్."

"పోయిన నెల కదులుతోందన్నారు."

"కదులుతోంది. నొప్పి లేదు."

"ముప్పయ్యో తారీఖు లోగా వచ్చే సూచనలు ఏమైనా...?"

నేను తిట్టి పెట్టేశాను. పది నిమిషాల తరవాత మా ఆవిడ వచ్చి, "తమ్ముడు అడుగుతున్నాడు, ఎలాగూ పీకించుకోవాల్సిందే కదా" అంది. అక్కాతమ్ముళ్ళు కలిసి నన్ను పంటి డాక్టరు కుర్చీలో కూలేశారు. డాక్టరు ఒక పన్ను చాలన్నాడు. వెనక నుంచి మా బావమరిది, "పక్కది కూడా ఒకసారి చూడండి డాక్టర్, ఇంకో నాలుగు నిమిషాలు కావాలి" అన్నాడు. డాక్టరు దాన్ని వైద్య సలహా అనుకుని చూడబోయాడు. నేను కుర్చీ దిగి పారిపోయాను, మెడలో ఆ గుడ్డతో సహా.

మరి ఇన్ని నిమిషాలు పెట్టుకుని ఎగరడేం? దానికో సూత్రముంది. ఒకే వెయ్యి పాయింట్లకి వాడే చోటుని బట్టి, వాడే రోజుని బట్టి విలువ మారిపోతుందట. రెండు నెలల ముందు టికెట్టు తీసుకుంటే వెయ్యికి ఇరవై నిమిషాలు. ప్రయాణం దగ్గరపడేకొద్దీ ఆ నిమిషాలు కరిగిపోతాయి. ఇరవై కంటే ఒక్క నిమిషం తగ్గినా ముట్టుకోనని అతని శపథం. ఇరవై వచ్చినా ముట్టుకోడు, ఎందుకంటే వచ్చే నెల ఇంకో కార్డు ఇరవై రెండు ఇస్తుందేమో! ఒకసారి బ్యాంకువాళ్ళు పాయింట్లకి బదులు సూట్‌కేసు ఇస్తామని ఉత్తరం రాశారు. లెక్క కట్టి చూస్తే వెయ్యికి ఆరు నిమిషాలు తేలింది. ఆ పూట అన్నం తినలేదు. "ఆరు నిమిషాలా! నన్నేమనుకున్నారు వీళ్ళు?" అని వరండాలో పచార్లు చేశాడు.

అతని భార్య, నాకు చెల్లెలి వరస, ఆ రోజు నాతో అంది: "అన్నయ్యగారూ, ఈయన దగ్గర ఇప్పుడు నాలుగు రోజుల పాటు కిందికి దిగకుండా ఎగరడానికి సరిపడా పాయింట్లున్నాయి. నేను మాత్రం పెళ్ళైనప్పటి నుంచి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆకాశం చూస్తున్నాను."

"అడక్కపోయావా అమ్మా?"

"అడిగాను. కొండలా, సముద్రమా, ఏది బాగుందో చెప్పమన్నారు. చెప్పేలోపు కొత్త కార్డు వచ్చింది."

ఇలా సాగుతుండగా మా అక్కయ్య దగ్గర నుంచి ఫోను వచ్చింది.

అక్కయ్య నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. ఉండేది రెండు పగళ్ళూ ఒక రాత్రీ రైలు దూరంలో. బూట్ల తాళ్ళు కట్టుకోవడం నాకు నేర్పింది ఆవిడే, చిన్నప్పుడు నేను చెప్పే అబద్ధాల్లో అతుకులు సరిచేసిందీ ఆవిడే. కాన్వెంటులో సిస్టర్లకి చెప్పబోయే ప్రతి సాకూ ముందు రోజు సాయంత్రం ఆవిడకి అప్పజెప్పేవాణ్ణి. "జ్వరం అని చెప్పకు, ముట్టుకుని చూస్తారు. కడుపునొప్పి అను" అని దిద్దేది.

"ఒరేయ్, పంతొమ్మిదో తారీఖున నా గుండె కోస్తారట" అంది, కూరగాయల సంగతి చెప్పినట్టు. "నన్ను లోపలికి తీసుకెళ్ళే ముందు నీ నోట ఒక అబద్ధం వినాలనుంది. రా."

"ఫోన్లో చెప్తానక్కా, ఇప్పుడే."

"ఫోన్లో నీ మొహం కనపడదురా. మొహం చూడకపోతే నీ అబద్ధానికి రుచేముంది?"

వస్తానన్నాను. అనడమైతే అన్నాను. అప్పటికి నా నడుముకి ఆపరేషనై ఏడాది, మూడు గంటలకి మించి ప్రయాణం చెయ్యొద్దని డాక్టరు ఆజ్ఞ. రైలైతే రెండు పగళ్ళు. విమానమైతే, నా పింఛను అంత ఎత్తు ఎగరదు. ఆ ఏడే ఇంటి పైకప్పు వేయించాం. ఒకరి ముందు చెయ్యి చాచడం నాకు చేతకాదు, ఎవరైనా ఊరికే ఇస్తే పుచ్చుకోవడం అంతకన్నా చేతకాదు. అందుకని రైల్లోనే వెళ్తానని ప్రకటించాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే నాకు భయం.

మర్నాడు కళ్ళద్దాల మర బిగించుకోడానికి షాపుకి వెళ్ళాను. రైల్లో పడుకునే వెళ్తాననీ, రైలువాళ్ళు నాకోసం ప్రత్యేకంగా పరుపు వేయిస్తున్నారనీ చెప్పాను. మా బావమరిది మర బిగిస్తూ విన్నాడు. "మంచి పరుపేనా బావగారూ?" అని మాత్రం అడిగాడు.

పదిహేనో తారీఖు పొద్దున్నే మా ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"బావగారూ, కొంప మునిగింది."

"ఏమైందోయ్?"

"నీలం కార్డు పాయింట్లు. అరవై వేలు. పద్దెనిమిదితో గడువైపోతోంది. చూసుకోలేదు. ఆ రోజు దాటితే సున్నా!"

పదకొండు కార్డుల తారీఖులు నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి చూసుకోలేదంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. అతని కంగారు అంత కన్నులపండుగ్గా ఉంది.

"అయితే ఎగురు."

"షాపో?"

"చెల్లెమ్మని పంపు."

"విమానం ఎక్కితే దానికి చెవులు పోటు."

"ఎప్పుడెక్కింది?"

"ఎక్కితే వస్తుంది. డాక్టరు చెప్పాడు." కుర్చీ అంచున కూర్చుని తల పట్టుకున్నాడు. "బావగారూ, మీరెళ్ళాలి. మీరు తప్ప నాకెవరూ లేరు. పదిహేడున పోవడం, ఇరవై ఆరున రావడం. ఆ రోజుల్లో పాయింట్ల సీట్లు ఖాళీ ఉన్నది ఒక్క ఊరికే. అది మీ అక్కయ్యగారి ఊరు కావడం నా అదృష్టం."

అవతలివాడు మునుగుతున్నప్పుడు బేరమాడకూడదని పెద్దలంటారు కానీ, ఏడాదిన్నర కిందట ఆ పంటి డాక్టరు కుర్చీ నేను మరవలేదు. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

"కిటికీ సీటు కావాలి."

"ఇప్పిస్తాను."

"అక్కయ్యకి కొత్త కళ్ళద్దాలు. మంచి ఫ్రేము."

"రేపే తెస్తాను. ఆవిడ నంబరు నా దగ్గరుంది."

"తిరిగొచ్చాక ఆరు నెలలు నా దగ్గర కార్డులు, పాయింట్లు, నిమిషాలు అన్న మాట వినపడకూడదు."

"ఆరు నెలలా!" లేచి నిలబడ్డాడు. "బావగారూ, నేను మనిషిని. రెండు."

"ఐదు."

"మూడు. మా అక్క మొహం చూడండి."

నాలుగు దగ్గర తెగింది. చేతులు కలుపుకున్నాం. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించి, "మీ మేలు మరిచిపోను" అన్నాడు. "పరవాలేదులే, మనలో మనకేంటి" అన్నాను పెద్దమనిషిలా.

పద్దెనిమిది మధ్యాహ్నం అక్కయ్య మంచం పక్కన కూర్చుని అబద్ధం చెప్పాను. విమానం నడిపేవాడు కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడనీ, గాల్లోకి లేచాక ఆ సంగతి తెలిసి, చూపు సరిపోయేవాడి కోసం ప్రయాణికులందరి అద్దాలూ ఒక్కొక్కటే పెట్టి చూసుకున్నాడనీ, చివరికి నా జత కుదిరిందనీ చెప్పాను. "కానీ అవి పేపరు చదివే అద్దాలు కదా అక్కా, కింద ఊళ్ళన్నీ పెద్దవిగా కనపడి, వచ్చేశామనుకుని ఇరవై నిమిషాలు ముందే దించేశాడు." అక్కయ్య నవ్విన నవ్వుకి పక్కనున్న యంత్రం గీతలు తప్పింది. నర్సు వచ్చి ఇద్దర్నీ తిట్టింది.

"ఇందులో అబద్ధం ఎక్కడుందో చెప్పనా?" అంది అక్కయ్య, కొత్త అద్దాల్లోంచి నా మొహం పరీక్షగా చూస్తూ. "నువ్వు విమానంలో రావడం."

టికెట్టు చూపిస్తే గానీ నమ్మలేదు. పంతొమ్మిదిన లోపలికి తీసుకెళ్ళారు. ఇరవైన కళ్ళు తెరిచి, ఆసుపత్రి జావలో ఉప్పు లేదని గొడవ పెట్టుకుంది. నేను నిశ్చింతగా ఇంటికొచ్చాను.

వచ్చాక వీధంతా చెప్పుకున్నాను. మంగలి షాపులో, పాల బూత్‌లో, పార్కు బెంచీ మీద. నేను గనక పెద్దమనసు చేసుకుని ఎగరకపోతే మా ఇదా-అదా అరవై వేల పాయింట్లూ నీళ్ళపాలయ్యేవని. చెప్పినకొద్దీ కథ పెరిగింది. మూడో వారానికి నా కథలో అతను మా గుమ్మంలో అడ్డంగా పడుకుని ఏడ్చాడు. అతను పక్కనే ఉండి కూడా కాదనలేదు. "అవును, బావగారు లేకపోతే నా గతి ఏమయ్యేదో" అనేవాడు.

నాలుగు నెలల ఒప్పందం మాత్రం అక్షరాలా పాటించాడు. నా ఎదుట ఒక్క పాయింటు ఎత్తలేదు. దాని వల్ల మనిషి సగమయ్యాడు. మాటలు లోపల తన్నుకొస్తుంటే మా ఇంటి గోడగడియారం వైపు తిరిగి, "ఆకుపచ్చ కార్డు పెట్రోలు మీద రెట్టింపు ఇస్తోందట" అని దానికి చెప్పేవాడు. గడియారం పదకొండు కొట్టేది. "పదకొండు కాదు, పదిహేను" అని దిద్దేవాడు.

ఐదో నెలలో నేను బతికే ఉన్నానని సంతకం పెట్టడానికి బ్యాంకుకి వెళ్ళాను. పింఛను కౌంటర్లో కూర్చునే అమ్మాయికీ ఆ కథ చెప్పాను, గుమ్మంతో సహా.

"ఏ కార్డండీ తాతగారూ?"

"నీలం కార్డమ్మా."

"దానికి గడువు ఉండదండీ."

"ఉంటుందమ్మా. మా బావమరిదికి తెలియని కార్డు లేదు."

"కార్డు మాదండీ" అంది ఆ అమ్మాయి. సొరుగులోంచి చిన్న పుస్తకం తీసి ఏడో పేజీ చూపించింది. నీలం కార్డు పాయింట్లకి కాలపరిమితి లేదని నల్లటి అక్షరాల్లో ఉంది. కింద ఇంకో పట్టిక. అక్కయ్య ఊరికి రానుపోను, రెండు నెలల ముందైతే పదిహేను వేల పాయింట్లు. వారం లోపలైతే అరవై వేలు.

కాన్వెంటులో లెక్కల సిస్టరు వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పిన భాగహారం పనికొచ్చింది. పోవడానికి నూట యాభై, రావడానికి నూట యాభై, మొత్తం మూడొందల నిమిషాలు. అరవై వేలతో భాగించాను. వెయ్యికి ఐదు నిమిషాలు. తప్పేమో అని బ్యాంకువాళ్ళ కాగితం మీద మళ్ళీ చేశాను. ఐదే.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు ఆ చిన్న పుస్తకం పెట్టాను.

"మీకిప్పుడు తెలిసిందా?" అంది.

"నీకు ముందే తెలుసా?"

"రైలెక్కితే మీ నడుం ఏమవుతుందో వాడికి చెప్పింది నేనే. వాడు ఆ రాసుకునే పుస్తకం తీశాడు, లెక్క వేశాడు, కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరవాత 'సరే అక్కా' అన్నాడు."

"మరి నాతో ఆ మాట చెప్పచ్చుగా!"

"చెప్తే ఎక్కేవారా?"

పుస్తకం తీసి జేబులో పెట్టుకున్నాను. అయినా అతన్నే అడుగుదామని మర్నాడు ఉదయం లేచి షాపుకి వెళ్ళాను. అతను ఎవరో ముసలాయన ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, "ఇది బాగుందా, అది బాగుందా?" అంటున్నాడు. గుమ్మంలో నుంచే కాసేపు చూసి వెనక్కి వచ్చేశాను. అబద్ధాల్లో ఇన్నేళ్ళ నా అనుభవంలో, ఒకరి అబద్ధాన్ని పాడుచెయ్యడం అంత మొరటు పని ఇంకోటి లేదు.

ఈమధ్య అక్కయ్య మళ్ళీ ఫోను చేసింది. "గుండె కోయించుకుంటే గానీ రావా?" అంది. ఆ మాట మా ఇంట్లో ఎలా పాకిందో తెలియదు గానీ, మూడో రోజుకి మా బావమరిది తయారు. మొహం అదే, సున్నం అదే.

"బావగారూ, ఈసారి బూడిదరంగు కార్డు. గడువు నెత్తి మీదికొచ్చింది."

"నాకు బొత్తిగా తీరిక ఉండటం లేదోయ్" అన్నాను పేపరు తిప్పుతూ.

బతిమాలాడు. బాగా బతిమాలాడు. కాఫీ వచ్చింది, చల్లారింది. అరగంట లోపు ఒప్పుకుంటే అనుమానిస్తాడని అరగంట ఆగాను.

"ఒక షరతు మీద" అన్నాను. "నువ్వూ, చెల్లెమ్మా కూడా రావాలి."

"మేమా? ఎందుకూ? దాని చెవులు..."

"అయితే పాయింట్లు పోనియ్. పోతే ఏమైంది?"

నోరు తెరిచాడు. పాయింట్లు పోవని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివర దాకా రావడం నాకు కనపడింది, తిరిగి వెళ్ళిపోవడం కూడా. జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీశాడు. మూడు సీట్లు, రానుపోను. పెదాలు కదుపుతూ కూడుతున్నాడు. ఇంత లోతుగా మునిగిపోయాక మనిషికి ఒళ్ళు తెలియదు.

"సరేలే, వస్తాను" అన్నాను. "ఇంతకీ గడువు ఏ తారీఖు?"

"మీకెప్పుడు వీలైతే అప్పుడే బావగారూ" అన్నాడు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

వంటింట్లో మా ఆవిడ చేతిలోంచి గరిటె జారిపడింది. నేను మాత్రం ఏమీ విననట్టు చల్లారిన కాఫీ అందుకుని తాగాను. అతను నలభై ఏళ్ళుగా నా కథలన్నీ ఎక్కడా అడ్డు తగలకుండా విన్న మనిషి. ఆ మాత్రం మర్యాద నేనూ చూపించాలి కదా.